తుల్య నిరోధం: లెక్కలో, ఇంటిలో, బడిలో

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

75 సంవత్సరాలు నిండిన పాఠశాల వేదికపై నిలిచినవారు గతవైభవాన్ని స్మరించుకోవడం సంప్రదాయం. ఆ పని నాకంటే చక్కగా చేయగల పూర్వ విద్యార్థులు ఈ సభలో ఎందరో ఉన్నారు. నేను భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలిని. బడి పండుగనాడు బడిలో జరగవలసినది పాఠమే కనుక, ఒక చిన్న పాఠం చెప్పడానికి మీ అనుమతి కోరుతున్నాను. దాని పేరు తుల్య నిరోధం.

ఈ పాఠాన్ని ఎంచుకోవడానికి మూడు కారణాలున్నాయి. పదవ తరగతి విద్యుత్తు పాఠంలో మన పిల్లలు అధికంగా తడబడే చోటు ఇదే అన్నది మొదటిది. నీరు, ఉప్పుగాలి, తడినేల విడదీయరానివిగా ఉన్న దరియాలతిప్ప వంటి ఊరిలో ఈ పాఠం తెలియకపోవడం ప్రాణాంతకం కాగలదన్నది రెండవది. పిల్లవానిని ఎలా అంచనా వేయాలన్న ప్రశ్నకు ఈ పాఠంలోనే ఒక హెచ్చరిక దాగి ఉందన్నది మూడవది.

ముందుగా మాట అర్థం చూద్దాం. 'తుల' అంటే త్రాసు. త్రాసులో సమంగా తూగేది తుల్యం. చేపల బేరం దగ్గర ఒక తక్కెడలో చేపలు, రెండవ తక్కెడలో తూకపు రాళ్లు ఉంటాయి. ముల్లు నిటారుగా నిలిచినప్పుడు అవి తుల్యం. అంతమాత్రాన రాయి చేప కాదు. దానిని వండుకుని తినలేము. ఒక్క బరువు విషయంలో మాత్రమే ఒకదాని స్థానంలో మరొకటి నిలువగలదు. ఈ భేదాన్ని మనసులో ఉంచుకోండి. ప్రసంగం చివర దీనితో పని పడుతుంది.

విద్యుత్ వలయంలోనూ ఇదే సూత్రం. పది నిరోధకాలను చిక్కుముడిగా కలిపి, దాని నుండి రెండు తీగలు మాత్రం బయటకు తీసి, మిగిలినదంతా ఒక పెట్టెలో మూసివేశామనుకోండి. ఆ రెండు కొనల మధ్య ఎంత వోల్టేజి ఇస్తే ఎంత ప్రవాహం పోతున్నదో చూస్తాము. అంతే వోల్టేజికి అంతే ప్రవాహాన్ని పోనిచ్చే ఒకే ఒక నిరోధకాన్ని ఆ పెట్టెకు బదులుగా పెట్టవచ్చు. దాని విలువే ఆ పెట్టె తుల్య నిరోధం.

వోల్టేజిని ప్రవాహంతో భాగిస్తే నిరోధం వస్తుందన్న సంగతిని ప్రయోగాలతో నిరూపించి 1827లో గ్రంథరూపంలో ప్రకటించినవాడు గేయోర్గ్ ఓమ్. ఆయన జర్మనీలోని కొలోన్ నగరంలో బడిపంతులుగా పనిచేస్తూనే ఈ పరిశోధన సాగించాడు. గ్రంథం వెలువడినప్పుడు స్వదేశంలో దానికి తగిన ఆదరణ లభించలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకంతో ఆయనను సత్కరించింది. 1881లో పారిస్‌లో సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు ప్రమాణానికి ఆయన పేరే పెట్టింది. పాఠశాల ఉపాధ్యాయుని పేరు నిరోధపు ప్రమాణంగా నిలిచిందన్న విషయం, ఈ సభలోని ఉపాధ్యాయులందరూ సగర్వంగా తలచుకోదగినది.

ఇప్పుడు నిరోధకాలను కలిపే పద్ధతులు. ఒకదాని చివర మరొకటి కలిపితే శ్రేణి సంధానం. తీర్థాలలో, పెళ్లిపందిళ్లలో వేలాడదీసే సీరియల్ సెట్టును అందరూ చూసే ఉంటారు. దానికి ఆ పేరు వచ్చింది శ్రేణి నుండే. ఒకే దారి ఉన్నందువల్ల అన్నిటి గుండా ఒకే ప్రవాహం పోతుంది. ఒక్క బల్బు తెగితే ఆ వరుస అంతా ఆరిపోతుంది. దారి పొడవు పెరిగినకొద్దీ అడ్డంకి పెరుగుతుంది కనుక నిరోధాలను కూడితే చాలు. 4 ఓంలు, 6 ఓంలు శ్రేణిలో ఉంటే తుల్య నిరోధం 10 ఓంలు.

రెండవది సమాంతర సంధానం. అన్ని నిరోధకాల మొదటి కొనలు ఒక బిందువు దగ్గర, రెండవ కొనలు మరొక బిందువు దగ్గర కలుస్తాయి. మన ఇళ్లలో దీపాలు, పంకాలు ఇలా ఉన్నందువల్లనే ఒకటి ఆపినా మరొకటి పనిచేస్తుంది. ఇక్కడ పిల్లలకు ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. 6 ఓంలకు పక్కన 3 ఓంలు చేరిస్తే తుల్య నిరోధం 2 ఓంలకు తగ్గుతుంది. "నిరోధకాన్ని చేరిస్తే నిరోధం ఎలా తగ్గుతుంది టీచర్?" అని అడిగే పిల్లవాడు సరైన ప్రశ్నే అడుగుతున్నాడు. అతనికి సూత్రం అప్పగించే ముందు గోదావరిని చూపాలి.

ధవళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన ఆనకట్టగాని, తరువాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీగాని ఒకే గోడ కాదు. నది మధ్య లంకల మూలంగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా నిర్మించారు. ఎగువన నీరు ఒకటే. నాలుగు దారులలోనూ దిగువకు పోతుంది. మొత్తం ప్రవాహం ఆ నాలుగింటి మొత్తం. ఒక దారి మూస్తే నీరు పోవడం కష్టమవుతుంది, తెరిస్తే సులువవుతుంది. ఆ దారి ఎంత ఇరుకైనదైనా సరే, ఉన్న దారులకు మరొకటి తోడైతే పోయే నీరు పెరుగుతుందే కాని తగ్గదు. అందుచేతనే సమాంతర సంధానంలో తుల్య నిరోధం అన్నిటికంటే చిన్న నిరోధం కన్నా తక్కువగా ఉంటుంది. లెక్క చేసిన పిల్లవాడు తన జవాబును తానే పరీక్షించుకోవడానికి ఈ ఒక్క మాట చాలు. 6 ఓంలు, 3 ఓంలు సమాంతరంగా ఉన్నచోట జవాబు 4 అని వస్తే, ఉపాధ్యాయుడు ఎర్రసిరా అంటించకముందే అది తప్పని అతనికి తెలియాలి. నదిలో ప్రవాహం నీటిమట్టానికి సరిగ్గా అనులోమంగా ఉండదు కనుక ఈ పోలికను అంకెల వరకు లాగరాదు. ఊహకు ఊత ఇవ్వడం వరకే దాని పని.

దారుల సౌలభ్యాన్ని, అనగా నిరోధపు విలోమాన్ని కూడాలి. ఆరింట ఒకటి, మూడింట ఒకటి కూడితే రెండింట ఒకటి. దానిని తలకిందులు చేస్తే 2 ఓంలు. సంధి దగ్గరకు వచ్చిన ప్రవాహమంతా సంధి నుండి వెళ్లాలన్న నియమాన్ని 1845లో గుస్టావ్ కిర్కాఫ్ ప్రతిపాదించినప్పుడు ఆయన వయస్సు 21 సంవత్సరాలు, అప్పటికింకా విద్యార్థి. యానాం దగ్గర గౌతమి నుండి కోరంగి పాయ విడిపోయే చోటును చూసిన పిల్లలకు ఆ నియమం కొత్తది కాదు. పైనుండి వచ్చిన నీరు ఈ పాయలోనో ఆ పాయలోనో ఉండి తీరాలి.

ఒక లెక్క చేద్దాం. పెద్దలు కూడా మనసులో నాతోపాటు రండి. 12 వోల్టుల బ్యాటరీకి వరుసగా 4 ఓంల నిరోధకం, ఆ తరువాత సమాంతరంగా 6, 12 ఓంలు, ఆపైన 2 ఓంలు కలిపాము. లోపలి చిక్కు నుండి మొదలుపెట్టాలి. 6, 12 ఓంలు సమాంతరంగా 4 ఓంలకు తుల్యం. ఇప్పుడు బొమ్మలో 4, 4, 2 శ్రేణిలో మిగిలాయి. మొత్తం 10 ఓంలు. ప్రవాహం 1.2 ఆంపియర్లు.

పిల్లలు సాధారణంగా ఇక్కడ పెన్ను దించేస్తారు. సగం దారే వచ్చారు. వచ్చిన దారినే వెనక్కు నడవాలి. 1.2 ఆంపియర్లు ఆ జంట గుండా పోతే జంట మీద 4.8 వోల్టులు. కనుక 6 ఓంలలో 0.8, 12 ఓంలలో 0.4 ఆంపియర్లు. కూడితే 1.2, సంధి లెక్క సరిపోయింది. సామర్థ్యం కూడా చూద్దాం. బ్యాటరీ ఇచ్చేది 14.4 వాట్లు. నిరోధకాలలో ఖర్చయ్యేది 5.76, 3.84, 1.92, 2.88 వాట్లు. కూడితే సరిగ్గా 14.4. జమాఖర్చు కుదిరింది. చుక్కాని పట్టినవానికి పోవడం ఎంత తెలియాలో తిరిగి రావడం అంత తెలియాలని మన వేటగాళ్లకు చెప్పనక్కరలేదు.

పిల్లలు తప్పేది కూడికలోనా అంటే, అధికభాగం కాదు, బొమ్మ చదవడంలో. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక గీత మీద నాలుగు బిందువులు పెట్టండి: అ, ఆ, ఇ, ఈ. వరుసగా వాటి మధ్య 6 ఓంల చొప్పున మూడు నిరోధకాలు. ఇప్పుడు 'అ' నుండి 'ఇ'కి ఒక వట్టి తీగ, 'ఆ' నుండి 'ఈ'కి మరొక వట్టి తీగ కలపండి. 'అ', 'ఈ'ల మధ్య తుల్య నిరోధం ఎంత? వరుసగా కనిపిస్తున్నాయి కనుక 18 అని తరగతిలో చాలా చేతులు లేస్తాయి. వట్టి తీగతో కలిసిన బిందువులు విద్యుత్తు దృష్టిలో ఒకే బిందువు. 'అ', 'ఇ' ఒకటి. 'ఆ', 'ఈ' ఒకటి. ఇప్పుడు చూస్తే ప్రతి నిరోధకానికీ ఒక కొన మొదటి బిందువు మీద, రెండవ కొన రెండవ బిందువు మీద ఉంది. మూడూ సమాంతరం. జవాబు 2 ఓంలు. 18 అనుకున్నది 2 అయింది.

సహోపాధ్యాయులకు నా మనవి ఏమంటే, ఇటువంటి చోట సూత్రం వల్లె వేయించవద్దు. రంగు సుద్దముక్కలు తీసుకోండి. తీగతో కలిసిన బిందువులన్నిటికీ ఒకే రంగు వేయించండి. ఆ తరువాత ఏ నిరోధకం ఏ రెండు రంగుల మధ్య ఉన్నదో చూసి కొత్త బొమ్మ గీయించండి. బొమ్మను తిరిగి గీయగలిగిన పిల్లవానికి లెక్క సగం పూర్తయినట్లే.

సౌష్ఠవాన్ని చూడడం నేర్పితే ఎంత కష్టమైన బొమ్మ అయినా లొంగుతుంది. ఘనానికి 12 అంచులు. ఒక్కొక్క అంచుకు 120 ఓంల నిరోధకం టంకం వేసి ఘనం తయారుచేయండి. ఒక మూల నుండి దానికి పూర్తిగా ఎదురుగా ఉన్న మూలకు తుల్య నిరోధం ఎంత? మొదటి మూలలో ప్రవాహం మూడు సమభాగాలవుతుంది. తరువాత ఆరు అవుతుంది. మరల మూడై చివరి మూలలో కలుస్తుంది. మూడు సమాంతరం 40 ఓంలు, ఆరు సమాంతరం 20, మరల మూడు సమాంతరం 40. మొత్తం సరిగ్గా 100 ఓంలు. మల్టీమీటరు పెట్టి చూస్తే వంద దగ్గరలో ఆగుతుంది. కాగితం మీద చేసిన ఆలోచనను వస్తువు ఒప్పుకున్న ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి. దీనికయ్యే ఖర్చు పన్నెండు చిన్న నిరోధకాలు, కాస్త టంకం మాత్రమే.

శ్రేణి, సమాంతరం రెండూ కాని వలయాలు కూడా ఉంటాయి. సంతులనం తప్పిన వీట్‌స్టన్ బ్రిడ్జి అటువంటిది. త్రిభుజాకారంలో ఉన్న మూడు నిరోధకాలను నక్షత్రాకారంలోని మూడింటిగా మార్చి దానిని విప్పవచ్చునని 1899లో ప్రచురించినవాడు ఆర్థర్ కెనెల్లీ. ఆయన 1861లో జన్మించినది మన దేశంలోనే, బొంబాయిలోని కొలాబాలో. త్రిభుజంలో ఒక్కొక్కటి 30 ఓంలయితే నక్షత్రంలో ఒక్కొక్కటి 10 ఓంలు. ఇంటర్మీడియట్ దాటి ఇంజనీరింగులో చేరిన మన పూర్వ విద్యార్థులకు ఇది పరిచితమే.

ఇక యానానికి దూరపు చుట్టరికం ఉన్న ఒక పేరు చెప్పాలి. 1883లో, యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న కాలంలో, ఫ్రాన్సు తంతి తపాలా శాఖలో పనిచేస్తున్న లియోన్ తెవెనిన్ అనే ఇంజనీరు ఒక సిద్ధాంతాన్ని ప్రచురించాడు. బ్యాటరీలు, నిరోధకాలు ఎన్ని కలిసిన వలయమైనా, రెండు కొనల నుండి చూసినప్పుడు ఒక్క బ్యాటరీ, దానితో శ్రేణిలో ఒక్క నిరోధకం అన్నట్లే ప్రవర్తిస్తుందని దాని సారాంశం. 1853లోనే హెల్మ్‌హోల్ట్జ్ ఈ సంగతి చెప్పి ఉన్నాడు. అయినా తంతి ఉద్యోగులకు పాఠాలు చెప్పే అవసరంలో దానిని మరల స్వయంగా కనుగొన్న తెవెనిన్ పేరే నిలిచింది.

ఈ సిద్ధాంతం మన ఇళ్లలో ప్రతి సాయంత్రం కనబడుతూనే ఉంటుంది. నీళ్ల మోటారు వేయగానే దీపం కాస్త మందగిస్తుంది. ఎందువల్ల? మన స్విచ్ బోర్డు వెనుక ట్రాన్స్‌ఫార్మరు, స్తంభాల మీది తీగలు, సర్వీసు తీగ అన్నీ కలిసి ఒక 230 వోల్టుల జనకం, దానికి శ్రేణిలో ఒక చిన్న నిరోధం అనుకోండి. ఏ బరువూ లేనప్పుడు 230 వోల్టులు. 10 ఆంపియర్లు లాగినప్పుడు 210కి దిగిందంటే ఆ నిరోధం 2 ఓంలు. 20 ఆంపియర్లు లాగితే 190కి దిగుతుంది. తీగలలో వృథాగా వేడి అయ్యేది మొదటిసారి 200 వాట్లు, రెండవసారి 800 వాట్లు. ప్రవాహం రెట్టింపయితే వృథా నాలుగింతలు. లైను చివరనున్న ఇంటికీ, ట్రాన్స్‌ఫార్మరు పక్కనున్న ఇంటికీ గల తేడా ఇదే. వదులైన అతుకు, సన్నని తీగ ఎందుకు కాలిపోతాయన్నదానికి సమాధానం కూడా ఇదే.

అమ్మలారా, అయ్యలారా! ఇప్పుడు చెప్పబోయేది దయచేసి శ్రద్ధగా వినండి. ఈ పాఠం ప్రాణాలతో ముడిపడినది ఇక్కడే.

మోటారు లోపల తీగ పై తొడుగు పాడై, దాని ఇనుప శరీరానికి కరెంటు వచ్చిందనుకోండి. పొడి చేతికి నిరోధం కొన్ని వేల ఓంలు ఉంటుంది. తడి చేతులతో, తడి నేల మీద నిలిచిన మనిషి శరీర నిరోధం సుమారు 1000 ఓంలకు పడిపోగలదు. 230 వోల్టులను 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో కొద్ది భాగం చాలు. అందుకే మనుష్యరక్షణకై అమర్చే లీకేజి స్విచ్చులు 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయేలా తయారవుతాయి.

ఎర్త్ తీగ ఉంది కదా, కరెంటు తక్కువ నిరోధం ఉన్న దారినే పోతుంది కదా, మనకేమిటి భయం అని పెద్దలు కూడా అంటూ ఉంటారు. ఈ మాట సరికాదు. ప్రవాహం ఉన్న దారులన్నిటిలోనూ పోతుంది. తక్కువ నిరోధంలో ఎక్కువగా, ఎక్కువ నిరోధంలో తక్కువగా పంచుకుంటుంది. గోదావరి పెద్ద పాయ ఉన్నదని చిన్న పాయ ఎండిపోలేదు. మోటారును ముట్టుకున్న మనిషి, ఎర్త్ తీగ సమాంతర సంధానంలో ఉన్నారు. ఇద్దరి మీదా ఒకే వోల్టేజి. మరి ఎర్త్ తీగ మనలను ఎలా కాపాడుతుంది? రెండు విధాల. మోటారు శరీరం మీది వోల్టేజిని తగ్గిస్తుంది. మొత్తం ప్రవాహాన్ని అమాంతం పెంచి ఫ్యూజును తెంపుతుంది.

లెక్క చూడండి. లైను వైపు నిరోధం 2 ఓంలు, ఎర్త్ వైపు 3 ఓంలు అనుకుందాం. మొత్తం 5 ఓంలు. ప్రవాహం 46 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫ్యూజు వెంటనే కాలిపోతుంది. ప్రమాదం అక్కడితో తెగుతుంది. ఇప్పుడు ఎర్త్ గొట్టం దగ్గరి అతుకు తుప్పు పట్టి, ఆ వైపు నిరోధం 48 ఓంలయిందనుకోండి. మొత్తం 50. ప్రవాహం 4.6 ఆంపియర్లే. ఫ్యూజుకు చీమ కుట్టినట్లయినా ఉండదు. మోటారు శరీరం మీద సుమారు 220 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. పైకి అంతా బాగానే ఉంది, మోటారు తిరుగుతున్నది, ఎర్త్ తీగ గోడ మీద కనబడుతూనే ఉంది. తడి చేతితో ముట్టుకున్నవారికి మాత్రం మృత్యువు. ఫ్యూజు తరచు పోతున్నదని దానిలో లావు తీగ చుట్టినా ఫలితం ఇదే.

మన నేలలో ఉప్పదనం ఉంది కనుక నేల మంచి వాహకమే. ఆ ఉప్పే ఇనుమును తినేస్తుంది. ఉన్న మంచి నేలకు కరెంటును చేర్చవలసిన అతుకు పాడైతే నేల మంచితనం ఏ పనికీ రాదు. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్లు నీటిలోనే తిరుగుతుంటాయి. ఐసు పెట్టెలు, పంపుసెట్లు, తడి బట్టలు వేలాడే ఇనుప తీగలు మన చుట్టూ ఉన్నాయి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో గోదావరి డెల్టాలో స్తంభాలు నేలకూలి తీగలు ఎలా తెగిపడ్డాయో ఇక్కడి పెద్దలకు జ్ఞాపకమే. 2022 జులైలో గోదావరి వరద యానాం వీధులలోకి వచ్చింది. అటువంటి వేళ నీటిలో నడిచే మనిషి తనకు తెలియకుండానే ఒక వలయంలో భాగం కావచ్చు.

కనుక నాలుగు మాటలు ఇంటికి తీసుకువెళ్లండి. ఎర్త్ తీగను చూసి తృప్తిపడక, ఏడాదికొకసారి, వర్షాకాలానికి ముందు, తెలిసిన ఎలక్ట్రీషియను చేత దాని నిరోధం కొలిపించండి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి స్విచ్చు పెట్టించండి. ఎర్త్ అతుకు పాడైన సందర్భంలో కూడా అది కాపాడగలదు. దాని మీది పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడండి. ఫ్యూజులో లావు తీగ చుట్టవద్దు. తెగిపడిన తీగ దగ్గరకు, వరద నీటిలో ఉన్న స్తంభం దగ్గరకు పిల్లలను వెళ్లనివ్వవద్దు. విద్యుత్ శాఖవారికి తెలియజేయండి. పిల్లలకు ఒక మాట: ఇంటి కరెంటు మీద ప్రయోగాలు చేయరాదు. మన ప్రయోగాలన్నీ టార్చి బ్యాటరీలతోనే.

పూర్వ విద్యార్థులలో ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, ఇంజనీర్లు ఉన్నారు. బడికి ఏదైనా చేయాలని ఉందని మీలో చాలామంది నన్ను అడిగారు. శిలాఫలకాల కంటే ముందు నేను కోరేది ఒకటి ఉంది. పై తరగతుల పిల్లలను వెంటబెట్టుకుని, కొలిచే పరికరంతో ఈ ఊరిలో ఇల్లిల్లూ తిరిగి ఎర్త్‌లు పరీక్షించండి. పరికరం మీ చేతిలో ఉండాలి. అంకెలు పిల్లలు వ్రాసుకుంటారు. ఏ ఇంట్లో ఎన్ని ఓంలు వచ్చాయో ఒక పుస్తకంలోకి ఎక్కించి, ఎక్కువ వచ్చిన ఇళ్లలో బాగుచేయించండి. పిల్లలకు అంతకంటే మంచి పాఠం లేదు, బడికి అంతకంటే మంచి కానుక లేదు.

ఇక చివరి సంగతి. తుల్యమంటే త్రాసులో సమంగా తూగేదని మొదట అన్నాను. తెవెనిన్ పెట్టెకు తిరిగి వద్దాం. 12 వోల్టుల బ్యాటరీకి 6 ఓంల నిరోధకాలు రెండు శ్రేణిలో కలిపి, ఒక నిరోధకం కొనల నుండి రెండు తీగలు బయటకు తీశాము. బయటి నుండి కొలిస్తే అది 6 వోల్టుల జనకం, 3 ఓంల నిరోధం. పక్కనే నిజంగా 6 వోల్టుల బ్యాటరీ, 3 ఓంల నిరోధకం మాత్రమే ఉన్న మరొక పెట్టె పెట్టాము. కొనల దగ్గర ఏ మీటరు పెట్టినా రెండూ ఒకటే చూపుతాయి. అయితే దేనికీ కలపకుండా ఊరక ఉంచినప్పుడు కూడా మొదటి పెట్టె లోపల 12 వాట్లు వేడిగా పోతూనే ఉంటాయి. రెండవ పెట్టెలో ఏమీ పోదు. ఆ తేడా మీటరుకు తెలియదు. పెట్టె మీద చెయ్యి వేసినవారికే వెచ్చదనం తెలుస్తుంది.

తల్లిదండ్రులారా, మార్కులు కూడా ఇటువంటి తుల్యమే. పది నెలల శ్రమను, భయాన్ని, ఆసక్తిని, ఆరోగ్యాన్ని ఒక్క అంకెలోకి కుదించి చూపుతాము. కుదించక తప్పదు, అంకె లేకుండా పై తరగతికి పంపలేము. ఆ అంకె అబద్ధం కాదు. అది బయటి నుండి చూసిన కొలత. 60 మార్కులు వచ్చిన ఇద్దరు పిల్లలలో ఒకరు తెల్లవారకముందే లేచి తండ్రికి వలలు సర్ది, తమ్ముళ్లను తయారుచేసి, ఆ తరువాత బడికి వచ్చి సంపాదించినవి కావచ్చు. ఆ అమ్మాయి లోపల ఖర్చవుతున్న వాట్లు ప్రోగ్రెసు కార్డులో కనబడవు. ఆ అమ్మాయికి చదువు రావడం లేదని పదవ తరగతితో మాన్పించే ముందు, లోపలి భారంలో ఏది తగ్గించగలమో ఆలోచించండి. భారం తగ్గితే అదే అమ్మాయి ఎంత వెలుగు ఇవ్వగలదో అప్పుడు తెలుస్తుంది. ఉపాధ్యాయులకూ నా మనవి ఇదే. మీటరు చదవండి, ఒక చెయ్యి పెట్టె మీద కూడా వేసి చూడండి.

తుల్య నిరోధం, శ్రేణి సంధానం, అంతర్నిరోధం వంటి మాటలను ఎందరో తెలుగు పండితులు, ఉపాధ్యాయులు ఆలోచించి మనకిచ్చారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వాటిని కళాశాల పుస్తకాలలోకి తీసుకువెళ్లింది. ఇక ముందు మన పిల్లలు ఏ భాషలో పరీక్ష వ్రాసినా, ఈక్వివలెంట్ రెసిస్టెన్స్ అన్న మాట పక్కన తుల్య నిరోధం అన్న మాటను కూడా నిలుపుకోవాలని నా కోరిక. ఒక మాట ఉద్యోగానికి పనికివస్తుంది. రెండవ మాట అర్థాన్ని తనలోనే మోస్తూ వస్తుంది.

 ఇంటి పని ఇచ్చి ముగించడం మా వృత్తిధర్మం. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక మీ బిడ్డ చేత పలక మీదనో, కాగితం మీదనో మీ ఇంటి దీపాలు, పంకా, మోటారు ఎలా కలిసి ఉన్నాయో బొమ్మ గీయించండి. ఎర్త్ తీగ ఎక్కడ భూమిలోకి దిగుతున్నదో అడగండి. బిడ్డకు తెలియకపోతే ఇద్దరూ కలిసి వెదకండి.